నొప్పి గోలీలకు ఇన్సూరెన్స్ ఎంతవరకు: మా అమ్మ విషయంలో నా అనుభవం

మా అమ్మకు రొమ్ము క్యాన్సర్ ఎముకలకు పాకింది. నడుములో, కుడి తుంటిలో. ఈ జబ్బు వస్తే ఖర్చంతా ఆపరేషన్‌కో కీమోకో అవుతుందని అందరూ అనుకుంటారు. ఇన్సూరెన్స్ వాళ్లూ అట్లాగే అనుకుంటారు. మాకు మాత్రం నెలనెలా చేతి నుంచి పోయింది నొప్పి మందులకే. ఆ డబ్బు పాలసీ నుంచి ఎంతవరకు వస్తుంది, రానప్పుడు ఇంకెక్కడికి పోవాలి అన్నది ఒక్క మనిషి కూడా మాకు ఒక్కచోట చెప్పలేదు. జడ్చర్ల, హైదరాబాద్, మహబూబ్‌నగర్ చుట్టూ తిరిగి తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నా.

నేను పోలేపల్లి సెజ్‌లో ఒక మందుల కంపెనీలో క్వాలిటీ విభాగంలో ఉద్యోగిని. కంపెనీ ఇచ్చిన గ్రూప్ పాలసీలో అమ్మానాన్నలను కూడా చేర్పించా. మూడు లక్షల కవర్, తల్లిదండ్రుల బిల్లుల్లో ఇరవై శాతం మనమే భరించాలి. ప్రీమియం జీతంలోనే కట్ అవుతుంది. హైదరాబాద్ ఆసుపత్రిలో రేడియేషన్‌కు, ఎముకలు గట్టిపడే ఇంజెక్షన్‌కు క్యాష్‌లెస్ ఏ గొడవా లేకుండా వచ్చింది. చిక్కు మొదలైంది డిశ్చార్జ్ కాగితం అడుగున రాసిన మందుల దగ్గర: నొప్పికి ట్రమడాల్, నరాల నొప్పికి ప్రీగాబాలిన్, ఒంటికి అంటించే ఫెంటానిల్ ప్యాచ్, మలబద్ధకానికి ఒక సిరప్.

మన దేశంలో మామూలు ఆరోగ్య బీమా అంతా మంచం చుట్టూ తిరుగుతుంది. కనీసం 24 గంటలు ఇన్‌పేషెంట్‌గా ఉండాలి, లేదా డేకేర్ జాబితాలో ఉన్న చికిత్స అయి ఉండాలి. ఇంటికొచ్చాక వాడే మందులకు 'పోస్ట్ హాస్పిటలైజేషన్' అని ఒక గడువు పెడతారు. బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ, అన్ని కంపెనీలూ అమ్మాలని 2020లో తెచ్చిన ఆరోగ్య సంజీవని పాలసీలో అడ్మిషన్‌కు ముందు 30 రోజులు, డిశ్చార్జ్ తర్వాత 60 రోజులు అని ఉంటుంది. మా గ్రూప్ పాలసీలోనూ అంతే. కొన్నింటిలో 90 రోజులు, ఇంకా ఎక్కువ కూడా ఉంటుంది. ఏ జబ్బుకు చేరారో ఆ జబ్బుకు సంబంధించిన మందులే అయి ఉండాలి. ఆ గడువు దాటిన మర్నాడు అదే డాక్టర్ అదే మందు రాసినా అది ఓపీ ఖర్చు అయిపోతుంది, పాలసీకి సంబంధం ఉండదు. ఎముకల్లో క్యాన్సర్ నొప్పికి ఆ లెక్క తెలియదు కదా.

ఆ అరవై రోజుల డబ్బు రాబట్టుకోవడమే ఒక పని. ఆసుపత్రి డెస్క్ దగ్గర 'తర్వాత మందుల బిల్లులు కూడా పెట్టుకోవచ్చు' అని ఎవరూ చెప్పరు. మా హెచ్‌ఆర్‌లో ఒక మేడమ్ చెబితే తెలిసింది. మొదటిసారి బిల్లులన్నీ పంపితే టీపీఏ నుంచి, అంటే బీమా కంపెనీ తరఫున క్లెయిం కాగితాలు చూసే సంస్థ నుంచి, క్వెరీ వచ్చింది. ప్రిస్క్రిప్షన్‌లో మందు అసలు పేరు, బిల్లులో బ్రాండ్ పేరు ఉంది, రెండూ ఒకటేనని రుజువేదీ అన్నారు. నేను రోజంతా చేసే పనే అది, మందు పేరూ బ్యాచ్ నంబరూ సరిచూడటం. అయినా నా మాట చెల్లదు. డాక్టర్ దగ్గరికి పోయి ప్రిస్క్రిప్షన్ మీద బ్రాండ్ పేరు, రోజుకెన్ని, ఎన్ని రోజులకు అన్నీ రాయించి, రిజిస్ట్రేషన్ నంబర్ ముద్ర వేయించి పంపితే అప్పుడు పాస్ అయింది. ఇంకొక సంగతి: మెడికల్ షాపుల్లో మెషీన్ నుంచి వచ్చే ఆ పల్చటి కాగితం బిల్లు నెలలో తెల్లబడిపోతుంది. బీరువాలో పెట్టి తీసేసరికి మా బిల్లు ఒకదాని మీద షాపు పేరు తప్ప ఏమీ కనబడలేదు. ఇప్పుడు బిల్లు చేతికి రాగానే జిరాక్స్ తీయించి, అసలుది దానికే పిన్ను కొడుతున్నా. గడువు అయిపోయాక పదిహేను రోజుల్లోపు క్లెయిం పంపాలన్న షరతు కూడా ఉంటుంది, అది చూసుకోవాలి.

మందు కొనడం కూడా మామూలు మందు కొన్నట్టు కాదు. ట్రమడాల్ 'షెడ్యూల్ హెచ్1'లో ఉంది. దుకాణదారు రోగి పేరు, డాక్టర్ పేరు, ఎన్ని ఇచ్చాడో రిజిస్టర్‌లో రాసుకోవాలి, ఆ రికార్డు మూడేళ్లు ఉంచాలి. పైగా 2018 నుంచి ట్రమడాల్ మాదకద్రవ్యాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి కూడా వచ్చింది. దాంతో మా ఊళ్లో చాలా షాపులు పెట్టడమే మానేశాయి. 'మాకెందుకన్నా లొల్లి, డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వస్తే లెక్క చెప్పాలె' అని ఒకాయన ముఖం మీదే అన్నాడు. ఫెంటానిల్ ప్యాచ్ సంగతి చెప్పనే అక్కర్లేదు, హైదరాబాద్ ఆసుపత్రి ఫార్మసీలో తప్ప దొరకలేదు. ఒక్కోటి మూడు రోజులు వస్తుంది. మిగతా మందులతో కలిపి నెలకు దగ్గర దగ్గర ఎనిమిది వేలు, రాయికల్ టోల్ ఖర్చు వేరే. ఇంకో కష్టం ఎండాకాలంలో తెలిసింది. పాలమూరు ఎండకు చెమట పట్టి ప్యాచ్ అంచులు లేచిపోయేవి. వేడి తగిలితే మందు ఒంట్లోకి ఎక్కువ దిగుతుంది, అందుకే దాని మీద వేడినీళ్ల సంచీ పెట్టొద్దని సిస్టర్ గట్టిగా చెప్పి పంపింది. అమ్మ నడుముకు ఉప్పు మూట కాపడం పెట్టుకోకుండా ఆపడం మా వల్ల కాలేదు. చివరికి ప్యాచ్‌ను ఛాతీ మీదికి మార్చి, కాపడం నడుముకే ఉంచాం.

గడువు అయిపోయాక మా బంధువుల్లో ఒకాయన ఒక ఉపాయం చెప్పాడు: 'నెలకోసారి ఒక్క పూట నర్సింగ్ హోంల ఏసెయ్యి, ఇరవై నాలుగ్గంటలు చూపిస్తే మందులన్నీ అండ్లనే కలిపిస్తరు.' ఇట్లా చేసేవాళ్లు ఉన్నారు. నాకు అది నచ్చలేదు. అబద్ధమని ఒకటి, కవర్ మూడు లక్షలే అన్నది ఇంకొకటి. అవసరం లేని అడ్మిషన్లకు అది కరిగిపోతే నిజంగా అవసరం పడ్డప్పుడు ఏం మిగులుతుంది? అమ్మను మంచం మీద నుంచి కారులోకి, కారులో నుంచి ఇంకో మంచం మీదికి మార్చడమే ఆమెకు ఒక నరకం.

అయితే ఒక రాత్రి నిజంగానే చేర్పించాల్సి వచ్చింది. నొప్పికి పళ్లు బిగబట్టింది, మాట లేదు. ఊళ్లోని నర్సింగ్ హోంలో చేర్పిస్తే సెలైన్‌లో మందు ఎక్కించి, గంట గంటకు చూసి, మోతాదు సర్ది పంపారు. ఆ క్లెయిం తిరస్కరించారు. కారణం చదివితే నాకు ఒళ్లు మండింది. ఐఆర్‌డీఏఐ 2019లో అన్ని కంపెనీల మినహాయింపులను ఒకే భాషలోకి తెచ్చి, ఒక్కోదానికి కోడ్ ఇచ్చింది. అందులో 05 నంబరుది విశ్రాంతి, పునరావాసం, సేద తీర్చే సంరక్షణ గురించి. దాని కింద రెండో వాక్యం ఇది: మరణం దగ్గరపడ్డ రోగుల శారీరక, సామాజిక, మానసిక, ఆధ్యాత్మిక అవసరాలు తీర్చే సేవలకు డబ్బు ఇవ్వరు. పాలియేటివ్ కేర్ అని లోకమంతా దేన్ని అంటుందో దాదాపు దాన్నే ఒక్క వాక్యంలో తీసి పక్కన పెట్టారు. పాలసీ తీసుకునేటప్పుడు ఎవరు చదువుతారు ఆ పేజీ?

కానీ ఆ వాక్యం మా కేసుకు వర్తించదని నాకనిపించింది. అమ్మను సేదతీరడానికి చేర్పించలేదు. తెల్లారి నర్సింగ్ హోం డాక్టర్‌ను కలిసి ఒక లెటర్ అడిగాను. ఆయన మంచివాడు, వివరంగా రాసిచ్చాడు: నోటి మందులకు లొంగని తీవ్ర నొప్పితో వచ్చింది, ఇంజెక్షన్ మోతాదు పెంచుతూ ఊపిరి, బీపీ గమనించాల్సి వచ్చింది, ఇది ఇంటి దగ్గర కుదిరే పని కాదు. కేస్ షీట్‌లో గంట గంటకూ రాసిన చార్ట్ జిరాక్స్ కూడా జత చేశాను. వాటితో ఇన్సూరెన్స్ కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు మెయిల్ పెట్టాను. టీపీఏకు కాదు, కంపెనీకి. టీపీఏ కాగితాలు చూసేవాడే, ఇచ్చేదీ ఇవ్వనిదీ చివరికి కంపెనీ నిర్ణయం. కొన్ని వారాలకు అడ్మిషన్ ఖర్చు ఇచ్చారు, ఇంటికి తెచ్చుకున్న ప్యాచ్‌ల డబ్బు మాత్రం కోశారు. నేను అంతటితో వదిలేశాను.

వాళ్లు కదలకపోతే ఏం చేయాలో కూడా అప్పుడే కనుక్కుని పెట్టుకున్నా. ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, 155255కు ఫోన్ కూడా చేయొచ్చు. కంపెనీకి రాసి నెల దాటినా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్ లక్డీకాపూల్‌లో బీమా తగాదాలు తీర్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఆఫీసు ఉంది. గ్రూప్ పాలసీ అయినా తీసుకుంటారు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు పోవాలి.

ఇక్కడ ఒక పక్క మాట. మా ప్యాకింగ్ లైన్‌లో చేసే తమ్ముడొకడు, జీతం నాకంటే తక్కువ. వాళ్ల నాయినకు మోకాళ్లు, నడుము నొప్పి. వాడు నెలనెలా ఈఎస్‌ఐ (తక్కువ జీతం ఉద్యోగులకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) డిస్పెన్సరీలో మందులు ఉచితంగా తెచ్చుకుంటున్నాడు. నెల జీతం 21,000 లోపు ఉంటే ఈఎస్‌ఐ వర్తిస్తుంది, జీతంలో కోసేది 0.75 శాతమే, ఆధారపడ్డ తల్లిదండ్రులకు కూడా ఓపీ మందులిస్తారు. జీతం పెరిగి నేను ఆ గీత దాటాను, గ్రూప్ పాలసీలోకి వచ్చాను. ప్రమోషన్ వచ్చిందని సంబురపడ్డం కానీ ఓపీ మందుల విషయంలో కిందికి దిగినట్టే. ఈఎస్‌ఐ డిస్పెన్సరీలో అన్నీ దొరుకుతాయని కాదు, వాడూ 'స్టాక్ లేదంట అన్నా' అని చాలాసార్లు ఉత్త చేతుల్తో వచ్చాడు. అయినా హక్కంటూ ఒకటి ఉంది. గీత దాటినా ఆ కాంట్రిబ్యూషన్ పీరియడ్ చివరిదాకా, అంటే సెప్టెంబర్ దాకానో మార్చి దాకానో కవర్ ఆగదు. ఇది తెలియక ముందే మానుకున్నవాళ్లను చూశాను.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ కార్డున్న వాళ్లకు 2023 డిసెంబర్ నుంచి పది లక్షల దాకా చికిత్స ఉంది, కానీ అది కూడా ప్యాకేజీల లెక్కే. నెలనెలా నొప్పి గోలీలకు అది దారి కాదు. ప్రీగాబాలిన్, పారాసిటమాల్, గ్యాస్ గోలీ లాంటివి జన ఔషధి షాపులో తీసుకుంటే బిల్లు సగానికన్నా తగ్గింది. ఆ మాత్రం వెంటనే చేసుకోవచ్చు.

మమ్మల్ని నిజంగా ఒడ్డున పడేసింది మహబూబ్‌నగర్ ప్రభుత్వ ఆసుపత్రిలోని పాలియేటివ్ కేర్ విభాగం. మా వాడకట్టులో ఆశా కార్యకర్త చెప్పింది. 'అక్కడ నొప్పి మందులు పైసలు లేకుండ ఇస్తరన్నా, కాయితాలన్నీ పట్టుకొని పో' అంది. నేను నమ్మలేదు, అయినా పోయాను. బయాప్సీ రిపోర్ట్, పాత స్కాన్, డిశ్చార్జ్ కాగితాలు, అమ్మ ఆధార్ పట్టుకుని, అమ్మను వెంటబెట్టుకుని.

అక్కడ సిస్టర్ మొదట అడిగింది నొప్పి ఎంతుందని. సున్నా నుంచి పది దాకా అంకెలున్న అట్ట చూపించింది. అమ్మకు అదేమీ తలకెక్కలేదు. 'ఉన్నది బిడ్డా, బాగ ఉన్నది' అంటది తప్ప అంకె చెప్పదు. సిస్టర్ అట్ట పక్కన పెట్టి, 'రూపాయిల ఎంతుందమ్మా, చారాణనా, ఆఠాణనా?' అంది. అంటే పావలా వంతా, అర్ధ రూపాయా అని; బారాణ అంటే ముప్పావలా. అమ్మ టక్కున చెప్పింది: 'పగటీలి ఆఠాణ. రాత్రి పండుకుంటే బారాణ. పక్కకు ఒరిగితే రూపాయికి రూపాయి.' హైదరాబాద్‌లో ఇన్ని నెలలు తిరిగినా మాకు కూడా తెలియని సంగతి అది, ఒరిగినప్పుడే ప్రాణం పోతుందని. డాక్టర్ ఆ మాట మీదనే మందు టైము వేశాడు. స్నానానికి, డ్రస్సు మార్చడానికి అరగంట ముందు అదనంగా ఒక మోతాదు ఇవ్వమన్నాడు.

కిడ్నీ పరీక్ష చూసి ప్యాచ్ ఆపేసి నోటి మార్ఫిన్‌కు మార్చారు. మింగగలిగే మనిషికి మార్ఫిన్ గోలీలు ప్యాచ్‌కు ఏమీ తీసిపోవు, మోతాదు సర్దడం ఇంకా సులువు అన్నారు. ప్యాచ్ తీసినా దాని మందు ఒంట్లో కొన్ని గంటలు ఉంటుంది కాబట్టి మొదటి గోలీ ఎప్పుడు వేయాలో కాగితం మీద రాసిచ్చారు. నాలుగు గంటలకొకసారి, రాత్రి పడుకునే ముందు రెండింతలు, అర్ధరాత్రి లేపే పని లేకుండా. మలబద్ధకం గోలీ మొదటి రోజు నుంచే, మానకూడదు. మగత రెండు మూడు రోజుల్లో పోతుంది, వాంతి కూడా పోతుంది, మలబద్ధకం మాత్రం పోదు అని సిస్టర్ రెండుసార్లు చెప్పింది. అన్నట్టే అయింది. ఒక పుస్తకం ఇచ్చారు, అందులో ఎన్ని గోలీలిచ్చారో, ఎన్ని మిగిలాయో రాస్తారు. పోయినప్పుడల్లా ఖాళీ స్ట్రిప్పులు చూపించాలి. రెండు వారాల మందే ఇస్తారు. అమ్మను ప్రతిసారీ తీసుకుపోనక్కర్లేదు, పుస్తకంతో నేను పోతే చాలు. మా నుంచి ఒక్క రూపాయి తీసుకోలేదు.

గవర్నమెంట్ ఆసుపత్రిలో ఇంత పద్ధతిగా ఇవ్వడానికి వెనక చట్టం కథ ఒకటుంది. 1985 ఎన్‌డీపీఎస్ చట్టం వచ్చాక ఒక్క మార్ఫిన్ గోలీ ఉంచుకోవాలన్నా ఆసుపత్రులు రకరకాల లైసెన్సుల కోసం రకరకాల ఆఫీసులు తిరగాల్సి వచ్చేది. భయపడి చాలామంది పెట్టడమే మానేశారు. 2014లో చట్టం సవరించి మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్, కోడీన్, ఆక్సికోడోన్, హైడ్రోకోడోన్‌లను 'అత్యవసర మాదక ఔషధాలు' అని ఒక గుంపుగా చేశారు. అప్పటి నుంచి శిక్షణ పొందిన డాక్టర్ ఉన్న ఆసుపత్రికి రాష్ట్ర డ్రగ్ కంట్రోలర్ గుర్తింపు ఒక్కటుంటే చాలు. అందుకే ప్రైవేటు డాక్టర్ మార్ఫిన్ రాసిచ్చినా మెడికల్ షాపుల చుట్టూ తిరిగి లాభం లేదు. గుర్తింపు ఉన్న చోటికే పోవాలి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి కూడా అట్లాంటిదే. మహబూబ్‌నగర్ దూరమనుకునే కల్వకుర్తి వైపు వాళ్లు కొందరు అక్కడికే పోతారు.

ఇంట్లో లొల్లి వేరే. మా బావ 'గది ఆఖరి మందు, గది షురువు జేస్తే ఇగ అయిపోయినట్టే' అన్నాడు. అక్క ఏడుపు. ఇంకొకరు 'అలవాటు పడితే ఎట్లరా' అన్నారు. నేను సిస్టర్‌తో ఫోన్‌లో మాట్లాడించాను. నొప్పికి తగ్గ మోతాదులో, డాక్టర్ చూపులో వాడే మార్ఫిన్‌తో ఆయుష్షు తగ్గదని, నొప్పి తగ్గితే మోతాదు కూడా మెల్లగా తగ్గిస్తారని, ఒక్కసారిగా మాత్రం ఆపొద్దని ఆమె ఓపికగా చెప్పింది. బావ ఒప్పుకోలేదు. అమ్మే తేల్చింది. 'నొప్పి నాది. గోలీ నాది. నీకేం పోయె అల్లుడా' అంది. వారంలో ఆమె లెక్క చారాణకు వచ్చింది. తనే లేచి వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీసింది. బావ ఇప్పుడు ఆ ముచ్చట ఎత్తడు.

పన్ను సంగతి కూడా ఒకటి. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 80డీడీబీ సెక్షన్ కింద క్యాన్సర్ లాంటి జబ్బుల చికిత్స ఖర్చుకు మినహాయింపు ఉంది, అరవై దాటినవాళ్ల విషయంలో లక్ష దాకా, మిగతావాళ్లకు నలభై వేలు. స్పెషలిస్ట్ రాసిచ్చిన ప్రిస్క్రిప్షన్ కావాలి. ఇన్సూరెన్స్ ఇచ్చినంత తీసేసి మిగిలిందే లెక్కలోకి వస్తుంది. ఇన్సూరెన్స్ వాడు ఎగ్గొట్టిన ప్యాచ్‌ల బిల్లులు నాకు అక్కడ పనికొచ్చాయి.

మొన్న రెన్యువల్ వచ్చినప్పుడు నాన్న 'ఇంక ఆ పాలసీ దేనికిరా, మందులు సర్కారు దవాఖానల్నే వస్తున్నయి గద' అన్నాడు. నేను తీసేయలేదు. తుంటి ఎముక బలహీనంగా ఉంది, విరిగితే రాడ్డు వేయాల్సి వస్తుందని, వెన్నుపూస నరాన్ని నొక్కితే వెంటనే రేడియేషన్‌కు పోవాలని హైదరాబాద్ డాక్టర్ ముందే చెప్పారు. ఆ ఖర్చు మంచం ఖర్చు, పాలసీ ఇచ్చేదే అది. గ్రూప్ పాలసీలో షరతులు కంపెనీ బేరమాడి మార్చుకోవచ్చు కాబట్టి, 05 మినహాయింపు తీసేయించాలని, డిశ్చార్జ్ తర్వాత గడువు 90 రోజులు చేయించాలని హెచ్‌ఆర్‌కు రాతపూర్వకంగా ఇచ్చాను. మాతో పాటు ఇంట్లో క్యాన్సర్ రోగులున్న ఇంకో ఇద్దరు కూడా సంతకాలు పెట్టారు. బ్రోకర్‌తో మాట్లాడతామన్నారు. ప్రీమియం ఎంత పెరుగుతుందో కొటేషన్ ఇంకా రాలేదు.